గింజల డబ్బా, ఉప్పు పొట్లం

జంషెడ్‌పూర్ మొత్తం మీద గింజల సలాడ్‌ని మొదట కనిపెట్టినవాణ్ణి నేను. ఈ మాట ఎన్ని పెళ్ళి భోజనాల దగ్గర చెప్పానో గుర్తులేదు. ఇప్పటి పిల్లలు ఆదివారం పూట వారానికి సరిపడా వండుకుని, డబ్బాల్లో సర్దుకుని, అదేదో కొత్త విద్య అయినట్టు ఫొటోలు తీసుకుంటుంటే నేను మీసం దువ్వి, "ఇది మా ఇంట్లో తొంభైల్లోనే ఉంది. నాలుగు వేల డబ్బాలు తిన్నాను. షుగరు నన్ను చూసి పారిపోయింది" అంటాను.

కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి ఆగుతోంది. నోటితో అన్నదాన్ని రేపు కాదనొచ్చు. రాసింది అక్కడే కూర్చుని మన మొహంలోకి చూస్తుంది. అందుకని సరిచేస్తున్నాను. కనిపెట్టింది మా ఆవిడ. నేను ఉల్లిపాయలు వలిచాను. నాలుగు వేలు కాదు. అసలు మొదటి పదకొండు వారాలు ఆవిడ వండినదాంట్లో ఒక్క గింజ కూడా నా నోట్లోకి వెళ్ళలేదు.

అప్పుడు నేను ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటర్ని. వంద టన్నుల క్రేన్ అని చెబుతుంటాను, నలభై. షెడ్డు కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద నడిచే క్రేన్ అది. దానికి వేలాడే ఇనప గదిలో నేను. పొద్దున్న నిచ్చెన ఎక్కితే షిఫ్టు అయ్యేదాకా దిగబుద్ధి కాదు. కింద బరువులు కట్టే ఖలాసీ నిలబడి చేత్తో సైగ చేస్తాడు, ఈల వేస్తాడు, అరుస్తాడు. "హబీస్" అంటే ఎత్తమని, "ఆరియా" అంటే దించమని. ఓడల మీద నుంచి వచ్చిన మాటలని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ చప్పుడులో మాట సగమే వినబడుతుంది. అతని చెయ్యీ నా కన్నూ కలిస్తేనే పని. మధ్యలో ఉక్కు పలకల కట్ట గాల్లో ఊగుతూ ఉంటుంది.

శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, ఆరేళ్ళు కాంట్రాక్టరు కింద ఇనప తుక్కు మోసినవాణ్ణి. ఆ ఇనప గదిలో మొదటిసారి కూర్చున్నరోజు నాకు రాజ్యం వచ్చినట్టయింది. అద్దం తుడుచుకోవడానికి ఒక గుడ్డ, కూర్చోవడానికి ఆవిడ కుట్టిచ్చిన దిండు, గోడకి మా ఊరి అమ్మవారి పటం. ఇంట్లో కన్నా అక్కడే శుభ్రంగా ఉండేవాణ్ణి.

ఆ ఏడు వైద్య పరీక్షలో షుగరు బయటపడింది. కంపెనీ ఆసుపత్రి డాక్టరమ్మ మనవాళ్ళే, గోదావరి వైపు మనిషి. కాగితం చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"మూడు నెలలు టైమిస్తున్నాను. మాత్రలు వేసుకోండి. అన్నం తగ్గించండి, ముడి గింజలు, పచ్చి కూరలు తినండి. మూడు నెలల తరవాత కూడా ఇలాగే ఉంటే మిమ్మల్ని క్రేన్ మీద ఉంచమని నేను రాయలేను."

"నా కళ్ళు బానే ఉన్నాయమ్మా. గద్ద కళ్ళు."

"ఇవాళ బాగున్నాయి. మీ గద్ద కళ్ళ కింద మనుషులు నిలబడతారు కదా."

క్రేన్ మీద నుంచి దించేస్తారన్న ఒక్క ముక్కే నాకు వినబడింది. మా ఆవిడకి వినబడింది వేరు. ఆవిడ నాకు మేనమామ కూతురు. మా మావయ్య షుగరుతోనే చూపు పోగొట్టుకున్నాడు. ఆఖరి నాలుగేళ్ళు దొడ్లోకి వెళ్ళాలన్నా ఈవిడే చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, గుమ్మం ఎక్కుతూ అంది:

"బావా, నాను రెండోసారి ఎవులి సెయ్యీ పట్టుకు నడిపించలేను. ఇప్పుడే సెప్తన్నాను."

మర్నాడు పర్సుడీహ్ బజారుకి వెళ్ళి జొన్నలు, గంటెలు, అంటే సజ్జలు, గోధుమలు, పెసలు తెచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద సలాడ్ అని రాసింది. ఆవిడ దాన్ని గింజల డబ్బా అంది.

ఆవిడ పద్ధతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఇన్నేళ్ళు దాన్ని నా పద్ధతిగా చెప్పుకున్నాను. శనివారం సాయంత్రం జొన్నలు, గోధుమలు, గంటెలు వేరువేరు గిన్నెల్లో నానబెట్టేది. పెసలు అంతకు ముందే తడిగుడ్డలో మూటకట్టి మొలకలు తెప్పించేది. ఆదివారం పొద్దున్న జొన్నలకి కుక్కరులో ఎనిమిది కూతలు, గోధుమలకి ఆరు, గంటెలకి నాలుగు. అన్నీ కలిపి వండితే ఒకటి పలుకు, ఒకటి గుజ్జు. ఉడికినవి నీళ్ళు వంచేసి, పాత నూలు చీర మీద ఫ్యాను కింద ఆరబోసేది. తడి ఉంటే బుధవారానికల్లా పులిసి వాసన వేస్తాయి. ఆరాక చెంచాడు నూనె రాసి, ఆరు స్టీలు డబ్బాలకి పంచేది. సోమ, మంగళ, బుధ డబ్బాలు ఫ్రిజ్ కింద అరలో, మిగతా మూడు పైన మంచుపెట్టెలో. ఏ రోజుకా రోజు పొద్దున్న మొలకలు, కేరెట్ తురుము, గింజ తీసిన కీరా ముక్కలు, ఉల్లిపాయ, వేయించిన వేరుశనగలు పైన చల్లి, ఒక నిమ్మచెక్క గుచ్చేది.

ఉప్పు మాత్రం కలిపేది కాదు. ముందే కలిపితే కీరా నీరు ఊరి, మధ్యాహ్నానికి డబ్బా కుడితిగోలెం అయిపోతుందని. రోజూ గోడ మీది తెలుగు క్యాలెండరులో నిన్నటి కాగితం చింపి, అందులో చిటికెడు ఉప్పు పొట్లం కట్టి నా చొక్కా జేబులో పెట్టేది.

"తినేముందు కలుపుకో. మర్సిపోకు."

మొదటి సోమవారం క్రేన్ గదిలో డబ్బా మూత తీసి చూశాను. మా ఊళ్ళో పావురాలకి వేసే గింజలు గుర్తొచ్చాయి. అదే సమయానికి కింద నుంచి సమోసాల వాసన వస్తోంది. అరవై అడుగుల ఎత్తుకి సమోసా వాసన రాదని మీరంటారు. వస్తుంది. అరవై కాదులెండి, నలభై. అయినా వస్తుంది.

కింద నా ఖలాసీ ఉన్నాడు. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద, భుయ్యాడీహ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడూ ఉండేవాడు. భార్య పోయి చాలాకాలం. మావాడే, విజయనగరం వైపు మెట్ట ఊరు. రోజూ క్యాంటీన్‌లో నాలుగు సమోసాలు, టీ. అదే అతని మధ్యాహ్న భోజనం.

ఆపరేటర్లం దిగకుండా తినడానికి ఒక ఏర్పాటు ఉండేది. గదిలోంచి తాడుకి ఒక గుడ్డసంచి కట్టి దించుతాం. కిందవాళ్ళు టీయో టిఫినో పెడతారు, లాక్కుంటాం. ఆ రోజు సంచిలో నా డబ్బా పెట్టి దించాను.

అతను మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తలెత్తి అరిచాడు.

"ఓరి తమ్ముడూ! గంటెలురా ఇవి! మాయమ్మ వండినాక మల్లీ సూళ్ళేదు. నీకొద్దేటి?"

"నాకొద్దన్నా! నీ సమోసాలు పంపు!"

"హబీస్!" అన్నాడు. నాలుగు సమోసాలు పైకి వచ్చాయి.

అలా పదకొండు వారాలు. నేను ఆదివారాలు శ్రద్ధగా ఉల్లిపాయలు వలిచేవాణ్ణి. సాయంత్రం ఖాళీ డబ్బా ఇంట్లో పెట్టి, "ఈవేళ జొన్నలు బాగా కుదిరాయి" అనేవాణ్ణి. మా ఆవిడ మొహం వెలిగేది. అది చూసి నాకు బాధ కలిగేదని రాయాలని ఉంది. కలగలేదు. నేను నాటకం బాగా ఆడుతున్నానని సంతోషం కలిగేది.

ఒక్క ఉప్పు పొట్లమే నా జేబులో ఉండిపోయేది. డబ్బాతో పాటు దించాలన్న ఆలోచన రాలేదు. పారేద్దామంటే, ఉప్పు నేలపాలు చెయ్యకూడదని మా అమ్మ చిన్నప్పుడు వీపు మీద కొట్టి నేర్పింది. అబద్ధం ఆడకూడదని కూడా కొట్టింది గానీ, ఆ దెబ్బ అంతగా అంటలేదు. అందుకని గదిలో ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో ఆ పొట్లాలు వేస్తూ వచ్చాను. ఒక వారం మరిచిపోతే, బట్టలు ఉతికేటప్పుడు నాలుగు చొక్కాల జేబుల్లో నాలుగు దొరికాయి.

"బావా, ఏటిది? ఉప్పు లేకుండా తింతన్నావేటి?"

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రక్తపోటు కూడా రాకూడదు కదా. ఉప్పు మానేశాను. నీకు చెబితే బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు."

ఆవిడ నన్ను చూసిన చూపుకి దేవుడైనా సిగ్గుపడాలి. సాయంత్రానికల్లా మా క్వార్టర్ల వరుసలో అందరికీ తెలిసింది. మా ఆయన ఉప్పు మానేశాడు, మనిషంటే అలా ఉండాలి అని. పక్కింటావిడ తన మొగుణ్ణి నా పేరు చెప్పి సాధించింది. ఆ రోజు నుంచి రాత్రి కూరలో కూడా నాకు ఉప్పు బంద్. చప్పటి వంకాయ, చప్పటి పప్పు. నా అబద్ధాన్ని నేనే రోజూ రాత్రి మింగాను. అయినా పొట్లం కట్టడం మాత్రం ఆవిడ ఆపలేదు. "ఎప్పుడైనా తినబుద్ధి అయితే ఉండనీ" అనేది.

మూడు నెలలు దగ్గరపడ్డాయి. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఆలోచించి, ఇంకో తెలివైన పని చేశాను. పరీక్షకి మూడు రోజుల ముందు నుంచీ ఏమీ తినకుండా ఉంటే షుగరు తగ్గి కనిపిస్తుందని ఎవరో అన్నారు. ఎవరో కాదు, నేనే అనుకున్నాను. సమోసాలు మానేశాను. ఇంట్లో కడుపు ఉబ్బరమని చెప్పి పొద్దున్నా రాత్రీ చిన్న గ్లాసు మజ్జిగతో సరిపెట్టాను. మాత్రలు మాత్రం ఒకటికి రెండు వేసుకున్నాను. మా ఆవిడ కట్టిన డబ్బా ఎప్పటిలాగే కిందికి వెళ్ళేది, సంచి ఖాళీగా పైకి వచ్చేది.

"ఏటిరా, తినడం నేదు?" అని ఖలాసీ రెండు రోజులు అడిగాడు. చెయ్యి ఊపాను.

మూడో రోజు, అంటే పరీక్షకి ముందురోజు, మధ్యాహ్నానికి ఇంకా గంట ఉంది. పలకల కట్ట దించుతున్నాను. కింద చెక్కదుంగలు సర్ది అతను పక్కన నిలబడి చెయ్యి తిప్పుతున్నాడు, ఆరియా, ఆరియా. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. షెడ్డు వేడివల్ల అనుకున్నాను. అద్దం తుడిచాను. అద్దం బానే ఉంది, నా కళ్ళ ముందే మసక. అతని చెయ్యి రెండు చేతులుగా కనబడింది. ఏ చెయ్యి చెప్పింది వినాలి? అతను పిడికిలి బిగించి ఆపమన్నాడు. నాకది కనబడలేదు. నేను దించుతూనే ఉన్నాను. కట్ట ఒక పక్కకి ఊగింది.

ఈల వినబడింది. ఆగని ఈల. అప్పుడు చెయ్యి వెనక్కి తీశాను.

ఈ ముక్క నేను అందరికీ ఎలా చెప్పానంటే, నా చురుకైన చేతివల్ల ఒక ప్రాణం నిలిచింది అని. నిజం ఏమిటంటే అతను వెనక్కి దూకాడు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. కట్ట అతను అంతకు ముందు నిలబడ్డ చోట ఆగింది. నా చురుకుదనం అందులో ఏమీ లేదు.

లేచి దుమ్ము దులుపుకుని పైకి చూశాడు. తిడతాడనుకున్నాను. అరచెయ్యి నేలకేసి నెమ్మదిగా ఊపాడు, మెల్లిగా, మెల్లిగా అని. కట్టను దుంగల మీదకి దించించాడు. కొక్కెం ఊడదీశాడు. ఆ తరవాత సంచి దించమని తాడు లాగుతున్నట్టు సైగ చేశాడు. ఎక్కడికో పరుగెత్తి వెళ్ళి, వచ్చాడు. సంచిలో ఏదో పెట్టి, "హబీస్!" అన్నాడు. నా చేతులు ఎంత వణికాయంటే ఆ కాస్త బరువు లాగడానికి మూడుసార్లు ఆగాను.

ఒక సీసాలో టీ, అడుగున కరగని పంచదార. ఇంకొకటి నా డబ్బా. పొద్దున్నే దించినది, అతను ఇంకా తినలేదు. కింద నుంచి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి అరుస్తున్నాడు.

"ముందు టీ! తర్వాత గింజలు! మొత్తం తిను! నాను సూత్తన్నాను!"

టీ తాగాను. కాసేపటికి అతని చేతులు మళ్ళీ రెండే అయ్యాయి. డబ్బా మూత తీశాను. చల్లగా ఉన్నాయి గింజలు. నిమ్మచెక్క పిండి, రేకుడబ్బాలోంచి ఒక పొట్లం విప్పి, ఉప్పు కలుపుకుని తిన్నాను. గంటెలు పంటి కింద చిట్లుతున్నాయి, మొలకలు కరకర, మధ్యలో ఎక్కడో ఒక వేరుశనగ. బాగుందని ఒప్పుకోవడానికి నాకు అహం అడ్డొచ్చింది. సగం డబ్బా అయ్యాక అడ్డు తప్పుకుంది. పదకొండు వారాలు మా ఆవిడ ఇది నా కోసం వండింది.

షిఫ్టు అయ్యాక నిచ్చెన దిగాను. చంకలో బిస్కెట్ల రేకుడబ్బా.

"అన్నా, నీకు నా మూలంగా..."

"ఒగ్గేయ్. మా ఆడదానికి కూడా ఇలగే అయ్యేది. సెమట, వణుకు. సూడగానే తెలిసిపోనాది." కాసేపు నడిచాక అన్నాడు, "తమ్ముడూ, రేపు ఆసుపత్రిలో ఏటి సెప్తావు?"

"తగ్గిందని కాగితమే చెబుతుంది."

"కాగితం ఆరియా సెప్పదు కదరా. నాను సెప్పాలి. నువ్వు సూడాలి."

గేటు దగ్గర సైకిలెక్కి భుయ్యాడీహ్ దారి పట్టాడు.

ఇంటికి వెళ్ళి మా ఆవిడ ముందు రేకుడబ్బా బోర్లించాను. పొట్లాలు గచ్చు మీద పరుచుకున్నాయి. సమోసాల సంగతి, తాడు సంగతి, ఉపవాసం సంగతి, కట్ట ఊగిన సంగతి, అన్నీ చెప్పాను. ఒకచోట "రెండు మూడుసార్లే" అని తగ్గించబోయి, పొట్లాల వైపు చూసి మానుకున్నాను.

ఆవిడ కింద కూర్చుని ఒక్కొక్క పొట్లం విప్పి ఉప్పుని జాడీలోకి వంపడం మొదలుపెట్టింది. కాగితం మీద వారం, తిథి చదివేది.

"గురువారం, అష్టమి. ఈరోజు నాకు జొరం. తెల్లారి లేచి కేరెట్టు తురిమినాను." ఇంకొకటి. "ఆదివారం. కుక్కరు రబ్బరు తెగిపోతే పక్కింటిది అడిగి తెచ్చినాను." ఇంకొకటి చదివి, చెప్పకుండా పక్కన పెట్టేసింది.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. తిడితే బాగుండు అనుకున్నాను.

అన్నీ అయ్యాక తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ అన్న, పదకొండు వారాలూ ఉప్పు లేకుండా తిన్నాడేటి?"

"ఆ."

"ఏటీ అన్నేదా?"

"అనలేదు. బాగుందనేవాడు. వాళ్ళమ్మ వండినట్టుందనేవాడు."

"పాపం" అంది. "నువ్వు మాత్రం పాపం కాదు" అని లేచి, తన కోసం ఉప్పేసి చేసుకున్న కూరలోంచే నాకూ వడ్డించింది. ఎన్నో వారాల తరవాత ఉప్పున్న కూర.

మర్నాడు ఆసుపత్రిలో కాగితం నా తరఫునే మాట్లాడింది. డాక్టరమ్మ నవ్వి, "శభాష్, బాగా తగ్గింది. క్రేన్ మీదే ఉండొచ్చని రాస్తాను" అంది. కలం తీసింది. ఆ కలం కాగితం మీద ఆనేలోపు నేను చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పనని నాకు తెలుసు.

"రాయకండమ్మా."

చెప్పాను. డాక్టరమ్మ కలం మూత పెట్టింది. తిట్టలేదు. "ఇది చెప్పడానికి వచ్చినందుకు సంతోషం" అని మాత్రం అని, వేరే కాగితం తీసుకుంది.

ఆ తరవాత ఆరు నెలలు నియమంగా తిని, షుగరు దించి, మళ్ళీ రాజులా క్రేనెక్కానని చెబుతుంటాను. నియమంగా తిన్నది నిజం, దించింది నిజం. ఎక్కలేదు. నా గదిలోకి వేరే మనిషి వచ్చాడు. నా దిండు, అమ్మవారి పటం దించుకొచ్చాను. మిగిలిన సర్వీసంతా కిందే, ఖలాసీల్లో ఒకడిగా, మెడలో ఈలతో. మొదటి నెల తలెత్తి పైకి చూడాలంటే మెడ కాదు, ఇంకేదో నొప్పి పుట్టేది.

కింద మొదటిరోజు మధ్యాహ్నం, చెక్కదుంగల మీద మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నా సంచిలోంచి రెండు డబ్బాలు తీశాను. మా ఆవిడ ఆ ఆదివారం నుంచి ఆరు కాదు, పన్నెండు డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది. నేను అడగలేదు. నా జేబులో రెండు పొట్లాలు కూడా పెట్టింది, "ఒకటి ఆ అన్నకి, నీ సేత్తో నువ్వే కలిపియ్యి" అని.

నిన్నటి తిథి ఉన్న కాగితం విప్పి, అతని డబ్బాలో ఉప్పు చల్లి, నిమ్మచెక్క పిండి, కలిపి చేతికిచ్చాను. ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మొహం ఒకలా పెట్టాడు.

"ఏమన్నా, బాగాలేదా?"

"సెల్లికి సెప్పకు గానీ" అన్నాడు, "ఉప్పుతో ఏటోలా ఉందిరా. నాకు సప్పగానే అలవాటైపోనాది."

పైన క్రేన్ గంట మోగింది. కొత్త ఆపరేటరు మా వైపు చూస్తున్నాడు, సంచి తాడు దించుతూ. ఖలాసీ తన డబ్బా నా ఒళ్ళో పెట్టి, నేను ఇంకా ఉప్పు కలపని నా డబ్బా తన వైపు లాక్కుని, "నువ్వు సెప్పు ఈసారి" అన్నాడు.

నేను లేచి, సంచిలో కొత్త ఆపరేటరుకి టీ పెట్టి, తలెత్తి, "హబీస్" అన్నాను. ఆ చప్పుడులో మొదటిసారి అది పైకి చేరలేదు. రెండోసారి గట్టిగా అన్నాను.